ఒకవైపు టికెట్ చదువులు

విదేశాల్లో పైచదువులకు వెళ్లే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద రూ.20 లక్షల దాకా సాయం చేస్తోంది. దాంతోపాటు విమాన టికెట్ ఖర్చు కూడా ఇస్తుంది. ఆ టికెట్ ఒకవైపుకే. పేదింటి పిల్లల్ని పెద్ద విశ్వవిద్యాలయాల గడప తొక్కించిన మంచి పథకం అది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఒక్క నిబంధనలో మన సమాజం ఆలోచనంతా కనిపిస్తుంది. పంపడానికి మన దగ్గర అన్నీ ఉన్నాయి. బ్యాంకు రుణాలున్నాయి, కన్సల్టెన్సీలున్నాయి, జీఆర్ఈ కోచింగులు, వీసా ఇంటర్వ్యూ శిక్షణలు ఉన్నాయి. చిలుకూరు బాలాజీకి మొక్కుకుని 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక్క విద్యార్థిని సాగనంపడానికి రెండు మూడు కార్లలో బంధువులు దిగుతారు. తిరిగి రావడానికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. రుణపత్రంలో లేదు, ప్రభుత్వ పథకంలో లేదు, ఇంట్లో మాటల్లో అసలే లేదు. చదువు ముగించుకుని ఇల్లు చేరడం ఆ చదువులో సహజమైన రెండో సగం కావలసింది. దాన్ని మనం ఏదో చెడు జరిగితే తప్ప రాని పరిస్థితిగా మార్చేశాం. దీనివల్ల వచ్చినవాళ్లు నష్టపోతున్నారు, వాళ్లు వెంట తెచ్చినదాన్ని అందుకోలేక మనమూ నష్టపోతున్నామన్నది నా వాదన.

ముందు లెక్కలు చూద్దాం. అమెరికాలోని విదేశీ విద్యార్థులను ఏటా లెక్కించే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. 2009 తర్వాత చైనాను దాటి మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. మరుసటి ఏడాది ఆ సంఖ్య 3,63,019కి చేరింది. చదువైపోయి ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద పనిచేస్తున్నవారూ ఈ లెక్కలోనే ఉన్నారు. టెక్సస్‌లో డెంటన్, ఆర్లింగ్టన్, మిస్సోరీలో వారెన్స్‌బర్గ్, మేరీవిల్ లాంటి విశ్వవిద్యాలయ పట్టణాల పేర్లు ఇవాళ మన మండల కేంద్రాల్లో కూడా నలుగుతున్నాయంటే ఇందులో తెలుగు పిల్లల వాటా ఎంతో ఊహించవచ్చు. డిగ్రీ చేతికొచ్చాక 12 నెలల ఓపీటీ, స్టెమ్ కోర్సులవారికి మరో 24 నెలలు. ఆ మూడేళ్లలోపు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో దొరకాలి. దాని పరిమితి ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి ఇంకో 20,000. 2025 మార్చి లాటరీలో అర్హమైన రిజిస్ట్రేషన్లు సుమారు 3.44 లక్షలైతే ఎంపికైనవి 1.20 లక్షలు, అంటే మూడింట ఒకటి. రెండేళ్ల ముందు అది నాలుగింట ఒకటే. మాస్టర్స్ చేసినవారికి అవకాశం కొంత ఎక్కువే అయినా, మూడింట ఒకటి లెక్కన వరుసగా మూడేళ్లు ప్రయత్నించినా పదిమందిలో ముగ్గురికి రాదు. నాలుగింట ఒకటైతే నలుగురికి రాదు. మూడు అవకాశాలూ దొరకనివారు చాలామంది ఉంటారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ వచ్చినా భయం పోలేదు. వీసా వచ్చినవారి కథా అక్కడితో ముగియదు. ఉద్యోగ కోటా గ్రీన్‌కార్డులు ఏటా 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న నిబంధన 1990 చట్టం నాటిది. ఆ వరుసలో భారతీయుల నిరీక్షణ దశాబ్దాల లెక్కలో ఉంది. ఇంత ఇరుకు దారిలోకి ఇన్ని లక్షల మందిని పంపుతున్నప్పుడు, వారిలో చెప్పుకోదగ్గంత మంది వెనక్కి వస్తారన్నది ముందే తెలిసిన సంగతి. దానికి ఏ ఒక్కరి చేతకానితనమూ కారణం కాదు.

మన ఊళ్లలో, అపార్ట్‌మెంట్లలో మాత్రం దాన్ని చేతకానితనంగానే చూస్తారు. ‘వచ్చేశాడట’ అన్న మాటలోనే తీర్పు ఉంటుంది. వీసా రాలేదా, ఉద్యోగం పోయిందా, ఏమైనా గొడవలా? ఈ మూడు తప్ప నాలుగో కారణం ఉండొచ్చని ఎవరికీ తోచదు. తల్లిదండ్రులు పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గిస్తారు. ‘సెలవు మీద వచ్చాడు’ అని నెలల తరబడి చెబుతారు. సంబంధాల దగ్గర హెచ్-1బీకి ఒక రేటు, ఓపీటీకి ఒక రేటు, ఇండియాలో ఉద్యోగానికి ఇంకో రేటు పలుకుతాయి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా ఈ బేరాలు ఆగలేదు. తిరిగి రావడమంటే ఉన్న ఈ భయం ఎంత దూరం తీసుకెళ్తుందో రెండు కేసులు చెబుతాయి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని మూసివేసినప్పుడు చిక్కుకున్నవారిలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. 2019 జనవరిలో డెట్రాయిట్ శివార్లలో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా అధికారులే వలగా నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం కేసులో తొలివిడత అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారు చాలామంది. తరగతులు లేని కాలేజీలో పేరు నమోదు చేసుకోవడం తప్పే, దాన్ని సమర్థించను. కానీ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఆ తప్పు వైపు ఎందుకు అడుగేశాడని అడగాలి కదా. అతడి ముందు రెండు దారులున్నాయి, ఒకటి చట్టం గీత దాటడం, రెండోది ఇంటికి రావడం. వాటిలో ఇంటికి రావడమే ఎక్కువ భయం పుట్టించిందంటే, ఆ భయాన్ని పెంచి పోషించినవాళ్లం మనమే.

మొదట చెప్పిన విద్యానిధికి ఎవరి పేరు పెట్టామో ఆయన జీవితమే ఈ విషయంలో పెద్ద సాక్ష్యం. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. అంటే ఆయన ప్రయాణంలో రాక మొదటి రోజు నుంచే రాసిపెట్టి ఉంది, రావడానికి కొలువూ ఉంది. అయినా 1917లో బరోడా చేరిన ఆ పండితుడికి తలదాచుకోవడానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పేరు దాచుకుని ఉండాల్సి వచ్చింది. కులం తెలిశాక కర్రలు పట్టుకుని వచ్చినవారు ఆయన్ని అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. అక్కడ విఫలమైంది చదువుకుని వచ్చిన మనిషి కాదు, ఆయన్ని అందుకోలేని ఊరు. ఈ కథలో అంతగా చెప్పుకోని మరో భాగం ఉంది. కొలంబియాలో అంబేడ్కర్‌తో కలిసి లివింగ్‌స్టన్ హాల్‌లో ఉన్న నావల్ భతేనా అనే పార్శీ యువకుడు ఆయనకు జీవితాంతం మిత్రుడయ్యాడు. 1920లో అంబేడ్కర్ మధ్యలో ఆగిపోయిన లండన్ చదువు పూర్తి చేయడానికి మళ్లీ అక్కడికి బయలుదేరినప్పుడు, ఆయన సొంత పొదుపుకు, కొల్హాపూర్ మహారాజు సాయానికి తోడైన అప్పు ఈ భతేనా ఇచ్చిందే. ఒక సత్రంలో పార్శీలు ఆయన్ని గెంటేశారు. అదే పార్శీ సమాజానికి చెందిన ఒక రూమ్మేట్ ఆయన్ని మళ్లీ చదువు వైపు నడిపించాడు. విదేశంలో ఒకే గదిలో పుట్టిన స్నేహానికి ఎంత బలం ఉంటుందో ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

తిరిగొచ్చే విద్యార్థి వదిలి వచ్చేదాన్ని మనం జీతంతో, డాలర్ రేటుతో మాత్రమే కొలుస్తాం. వదిలి వచ్చేవాటిలో అన్నింటికంటే పెద్దది అక్కడి స్నేహితులు. రెండు పడగ్గదుల ఇంట్లో నలుగురైదుగురు, ఒక్కొక్కరిదీ ఒక్కో జిల్లా. వంటకు వంతులు, కూరగాయల ఖర్చుకు వాటాలు, అందరికీ కలిపి ఒక పాత కారు. కొత్తగా వచ్చే జూనియర్‌ని విమానాశ్రయంలో ఎక్కించుకుని వచ్చి, మొదటి వారం అన్నం పెట్టి, బ్యాంకు ఖాతా తెరిపించేది ముఖపరిచయం కూడా లేని సీనియరే. ఒకడికి జ్వరమొస్తే పక్కవాడు షిఫ్టు మానుకుంటాడు. ఇంటి దగ్గర తండ్రి పోయాడన్న ఫోను వస్తే, టికెట్ డబ్బులు లేని ఆ రాత్రి తలా కొంత వేసేది వాళ్లే. వెళ్లడానికి కుదరకపోతే పక్కన కూర్చునేదీ వాళ్లే. ఊళ్లో కలిసి కంచం పట్టని కుటుంబాల పిల్లలు కొన్ని గదుల్లో ఒకే గిన్నెలోది తింటారు. కులం కూడా విమానమెక్కి వెళ్లిన గదులూ ఉన్నాయి, ఆ సంగతి దాచక్కర్లేదు. అయినా బంధుత్వం లేకుండా, పెద్దల ప్రమేయం లేకుండా, సొంత నిర్ణయంతో ఒక తెలుగు యువతరం కట్టుకుంటున్న తొలి కుటుంబాలు ఇవి. వీటిని విడిచి రావడం ఇల్లు విడిచి వెళ్లడం కంటే తేలికేమీ కాదు. ఇల్లు విడిచినప్పుడు తిరిగి చూస్తే ఇల్లు అక్కడే ఉంటుందన్న ధైర్యం ఉంటుంది. ఆ గదికి ఆ హామీ లేదు. లీజు ముగిస్తే తలా ఒక రాష్ట్రానికి పోతారు.

ఈ బాధను పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. నాజీల నుంచి తప్పించుకుని వియన్నా వదిలి న్యూయార్క్ చేరిన తత్త్వవేత్త ఆల్ఫ్రెడ్ షుట్జ్, రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న 1945లో ఇంటికి తిరిగొచ్చే మనిషి గురించి ఒక వ్యాసం రాశారు. కొత్త చోటికి వెళ్లేవాడికి అక్కడ అంతా కొత్తేనని ముందే తెలుసు, అందుకు సిద్ధపడి వెళ్తాడు. ఇంటికి వచ్చేవాడు అంతా తెలిసిందే ఎదురవుతుందనుకుంటాడు. కానీ ఈలోపు ఇల్లూ మారి ఉంటుంది, తానూ మారి ఉంటాడు. ఆ దెబ్బకు అతడు సిద్ధంగా ఉండడన్నది ఆయన చెప్పిన సారాంశం. 1955లో లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు అమెరికాకు చదువులకు వెళ్లిన నార్వే వాళ్లను అధ్యయనం చేసి, మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన కుదురుకోవడం అన్న క్రమాన్ని చూపించారు. 1963లో గుల్లహార్న్ దంపతులు అదే క్రమం ఇంటికి వచ్చాక రెండోసారి నడుస్తుందని చెప్పారు. వెళ్లినప్పటి కుంగుబాటుకు మన దగ్గర సానుభూతి ఉంది. ‘కొత్త చోటు కదా, రెండు నెలలైతే అలవాటవుతుంది’ అని అమ్మ ఫోనులో ధైర్యం చెబుతుంది. వచ్చాక దిగులుగా కూర్చుంటే మాత్రం ‘సొంతింట్లో ఉండి దిగులేంటి?’ అంటుంది. ఆమె తప్పేం లేదు. అలాంటి దిగులు ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వీడ్కోలుకు దొరికే వ్యవధి కూడా చాలా తక్కువ. కోర్సో, ఓపీటీయో పూర్తయ్యాక అమెరికాలో ఉండనిచ్చేది 60 రోజులు. ఓపీటీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులే. ఆ కొద్ది రోజుల్లో లీజు తెంచుకోవాలి, కారు అమ్మాలి, క్రెడిట్ కార్డులు మూయాలి, బ్యాంకులో చివరి డాలరు దాకా లెక్క చూసుకోవాలి. చివరి రోజు వరకూ దరఖాస్తులు పంపుతూనే ఉంటారు కాబట్టి, వెళ్లిపోతున్నామని స్నేహితులకు నోరారా చెప్పుకునే తీరికే ఉండదు. కొందరు సిగ్గుతో చెప్పకుండానే విమానమెక్కేస్తారు. వాట్సాప్ ఉండగా వీడ్కోలేమిటని అడిగేవారున్నారు. ఫోను మాటను మోస్తుంది, నిజమే. కానీ ఓడిపోయానన్న భావనతో వచ్చినవాడు మొదట చేసే పని ఆ గ్రూపులోంచి బయటికి రావడం. అక్కడ ఒకడికి లాటరీ తగిలిందనీ, ఇంకొకడు ఇల్లు కొన్నాడనీ కబుర్లు వస్తుంటే చదవలేడు. స్నేహాలు దూరం వల్ల తెగడం తక్కువ, నామోషీ వల్ల తెగడం ఎక్కువ. తిరిగి రావడం మీది మచ్చను తుడిచేస్తే ఆ స్నేహాలు వాటంతటవే నిలుస్తాయి.

అమ్మాయిల విషయంలో ఇదంతా ఇంకా బరువుగా ఉంటుంది. ఇరవై రెండేళ్ల అమ్మాయిని పదమూడు వేల కిలోమీటర్ల దూరం ఒంటరిగా పంపడానికి ఒప్పుకున్న ఇల్లు, ఇరవై ఆరేళ్లకు ఆమె తిరిగొచ్చాక స్నేహితురాలి ఇంటికి రాత్రి ఎనిమిది తర్వాత వెళ్తానంటే ఒప్పుకోదు. అక్కడ ఆమె అద్దె ఒప్పందాల మీద సంతకాలు చేసింది, మంచులో కారు నడిపింది, పన్ను రిటర్నులు వేసింది, ఏ ఉద్యోగం చేయాలో తనే నిర్ణయించుకుంది. ఇక్కడికి రాగానే ఆమె మళ్లీ పెళ్లి కావలసిన పిల్ల. సూట్‌కేసు విప్పకముందే ఫొటోలు అడుగుతారు. 2023-24 కార్మిక సర్వే ప్రకారం మన దేశంలో పట్టణాల్లో 15 ఏళ్లు దాటిన మహిళల్లో పనిలో ఉన్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపినా 28 శాతమే. తిరిగొచ్చిన అమ్మాయి అడుగుపెడుతున్నది ఆ వాతావరణంలోకి. కాబట్టి ఏ అమ్మాయైనా ‘కష్టమో నష్టమో ఇక్కడే ఉంటాను’ అనుకుంటే దాన్ని డాలర్ల మోజు అనడం అన్యాయం. ఆమె కాపాడుకుంటున్నది తన రోజును తాను నడుపుకునే హక్కు. మన ఇళ్లు ఆ హక్కును ఆమెతోపాటు గడప దాటి లోపలికి రానిచ్చే వరకు, తిరిగి రమ్మని ఆమెకు చెప్పే అర్హత మనకు లేదు.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. ఇవన్నీ మనసుకు సంబంధించిన మాటలు, అసలు సమస్య అప్పు అంటారు. నిజమే. రూ.40 లక్షల రుణం 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.55 వేలు కట్టాలి. డాలర్లలో సంపాదించేవాడికి అది మోయదగ్గ బరువు. హైదరాబాద్‌లో నెలకు డెబ్భై, ఎనభై వేల జీతంతో మొదలుపెట్టేవాడికి అది మొత్తం జీవితమే. ఇంటి పత్రాలో, పొలం కాగితాలో తాకట్టులో ఉన్నప్పుడు ఏ కొడుకైనా, కూతురైనా ఎంత అవమానమైనా భరించి అక్కడే ఉండాలనుకుంటారు. కానీ ఈ అభ్యంతరం నా వాదనను కొట్టేయదు, బలపరుస్తుంది. మన విద్యారుణం తీరే ఒకవైపు ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది. కోర్సు తర్వాత ఆరు నెలలకో ఏడాదికో వాయిదాలు మొదలవుతాయి, జీతం ఎంతన్నది లెక్కలోకి రాదు. వడ్డీపై ఆదాయపన్ను మినహాయింపు ఎనిమిదేళ్లు ఉంది గానీ కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అదీ లేదు. ఆస్ట్రేలియా 1989లోనే తన విద్యార్థులకు వేరే దారి చూపింది. ఆదాయం ఒక స్థాయి దాటాకే రుణం తీర్చడం మొదలవుతుంది, ఆదాయాన్ని బట్టి వాయిదా పెరుగుతుంది. మన ప్రభుత్వరంగ బ్యాంకులు కనీసం తిరిగొచ్చినవారికైనా, రూపాయి జీతానికి తగ్గట్టు మొదటి మూడేళ్లు వాయిదా తగ్గించి గడువు పొడిగించవచ్చు. అదే అప్పును 15 ఏళ్లకు పరిస్తే వాయిదా 45 వేలకు వస్తుంది. మొత్తం వడ్డీ పెరుగుతుంది, కాదనను. కానీ కుర్రాడు ఊపిరి పీల్చుకుంటాడు, బ్యాంకు అసలూ మునగదు. రాష్ట్ర ప్రభుత్వాలు ఆ అదనపు వడ్డీలో కొంత భరిస్తే దాన్ని దానంగా చూడక్కర్లేదు. మన డబ్బుతో వేరే దేశంలో తయారైన నైపుణ్యాన్ని ఇక్కడ వాడుకోవడానికి అయ్యే ఖర్చది.

ఇలాంటి ఏర్పాట్లు మన దేశానికి కొత్తా కాదు. విదేశాల నుంచి తిరిగొచ్చే శాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు, వైద్యులకు సరైన ఉద్యోగం దొరికేదాకా తాత్కాలికంగా జీతమిచ్చి ఒక సంస్థలో పని చూపించడానికి 1958లోనే కేంద్ర ప్రభుత్వం సైంటిస్ట్స్ పూల్ ఏర్పాటు చేసి సీఎస్ఐఆర్‌కు అప్పగించింది. తిరిగొచ్చినవాడికి కుదురుకోవడానికి కొంత వ్యవధి, కూర్చోవడానికి ఒక బల్ల కావాలని ఆనాటివారు గ్రహించారు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో తోళ్ల శాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చేనాటికి మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ రూపుదిద్దుకుంటోంది. ఆయన దాన్ని ప్రపంచంలో పేరున్న సంస్థగా నిలబెట్టారు. మనిషి గొప్పవాడే, వచ్చి దిగడానికి చోటు ఉండటమూ అంతే ముఖ్యం. దక్షిణ కొరియా 1966లో కిస్ట్ అనే పరిశోధన సంస్థ స్థాపించినప్పుడు అమెరికాలోని తమ శాస్త్రవేత్తలను ఇళ్లు, మంచి జీతాలు ఇచ్చి పిలిపించుకుంది. తైవాన్ 1980లో సించు సైన్స్ పార్క్ పెట్టి, తిరిగొచ్చేవారి పిల్లలు చదువులో వెనకబడకుండా రెండు భాషల బడి కూడా తెరిచింది. ఆ పార్కును అధ్యయనం చేసిన పరిశోధకురాలు ఆనాలీ సాక్సేనియన్ గమనించిన ముఖ్యమైన సంగతేమిటంటే, వచ్చినవారు సిలికాన్ వ్యాలీలో ఉండిపోయిన పాత సహాధ్యాయులతో సంబంధం తెంచుకోలేదు. పెట్టుబడి, ఆర్డర్లు, కొత్త సాంకేతికత కబుర్లు ఆ స్నేహాల మీదుగానే అటూ ఇటూ నడిచాయి. వచ్చినవాడూ, ఉండిపోయినవాడూ ఒకే తీగకు రెండు కొసలు. ఇవాళ హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998 నుంచీ ఉంది, అమెజాన్ అతిపెద్ద ప్రాంగణం ఉంది, టీ-హబ్ ఉంది. చోటు లేదనడానికి వీల్లేదు. తిరిగొచ్చే పరిశోధకులకు రామలింగస్వామి ఫెలోషిప్ లాంటివి కొన్ని ఉన్నాయి. మామూలు ఎమ్మెస్ చేసి వచ్చినవారికి, ఆ సంస్థల తలుపు దాకా నడిపించే ఏర్పాటు ఏదీ లేదు. కేరళ తన ప్రవాసులు తిరిగొచ్చి వ్యాపారం పెట్టుకుంటే ప్రవాసుల వ్యవహారాల విభాగమైన నోర్కా ద్వారా రూ.30 లక్షల దాకా ప్రాజెక్టులకు పెట్టుబడి రాయితీ ఇస్తోంది. గల్ఫ్ నుంచి వచ్చే కరీంనగర్, నిజామాబాద్ కార్మికుడికీ, డాలస్ నుంచి వచ్చే ఎమ్మెస్ విద్యార్థికీ ఒకే గొడుగు కింద అలాంటి సాయం మన రెండు రాష్ట్రాలూ ఇవ్వగలవు.

మరో అభ్యంతరం ఉంది. తిరిగి రావడాన్ని ఇంత మెచ్చుకుంటే ఉండిపోయినవారిని తప్పుపట్టినట్టు కాదా? కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో అమెరికా వెళ్లి 1948లో అక్కడే కన్నుమూశారు, మళ్లీ ఇంటికి రాలేదు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో రూపొందిన డైఇథైల్ కార్బమజిన్ మన కోస్తా జిల్లాల్లో బోదకాలు వ్యాధిని తగ్గించడానికి తరాలుగా వాడుతున్న మందు. ఆయన రాకపోయినా ఆయన పని ఇంటికొచ్చింది. ప్రవాసులు పంపే డబ్బూ చిన్నది కాదు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ఆ సొమ్ములో దాదాపు 28 శాతం ఒక్క అమెరికా నుంచే వచ్చింది, దేశానికి వచ్చిన మొత్తంలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. ఉండాలనుకున్నవారు ఉండనీ. దేశభక్తి పేరుతో ఎవర్నీ వెనక్కి లాగనక్కర్లేదు. నేను కోరుతున్నది ఒక్కటే, ఉండటం ఎంత గౌరవమో రావడమూ అంతే గౌరవం కావాలి. రెండింటిలో ఒకదానికి శిక్ష ఉన్నంతకాలం పిల్లలు చేస్తున్నదాన్ని ఎంపిక అనలేం.

ఈ పనిలో అక్కడి తెలుగు సంఘాల వంతు పెద్దది. తానా లాంటి సంస్థలు నాలుగు దశాబ్దాలకు పైగా నడుస్తున్నాయి. ప్రమాదంలో చనిపోయిన విద్యార్థి భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడానికి విరాళాలు సేకరించే మనుషులు వాటిలో ఉన్నారు. ఆ మంచితనం ప్రాణంతో తిరిగొస్తున్న విద్యార్థికీ అందాలి. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ తెలుగు విద్యార్థి సంఘం కొత్తవారికి స్వాగతం పలుకుతోంది. అదే సంఘం వెళ్లేవారి జాబితా కూడా రాసుకుని, హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో ముందే వచ్చి కుదురుకున్న సీనియర్ల నంబర్లు వారి చేతిలో పెట్టవచ్చు. డెంటన్‌లో దిగిన రోజు ఎదురొచ్చిన సీనియర్ లాంటివాడే శంషాబాద్‌లో దిగిన రోజూ ఒకడు ఉండాలి. ఏ కంపెనీ విదేశీ అనుభవానికి విలువిస్తుందో, అక్కడి డిగ్రీకి ఇక్కడ తత్సమాన ధ్రువపత్రం ఎలా తెచ్చుకోవాలో, ఇంట్లో మొదటి ఆరు నెలలు ఎలా గడుస్తాయో చెప్పగలిగేది ఆ దారిన నడిచినవారే. ఇంజనీరింగ్ కాలేజీలు విదేశాలకు వెళ్లిన తమ విద్యార్థుల ఫొటోలతో ఫ్లెక్సీలు కడుతున్నాయి. తిరిగొచ్చి ఇక్కడ పనిచేస్తున్నవారిని పిలిచి తుది సంవత్సరం తరగతిలో ఒక పూట మాట్లాడిస్తే, వెళ్లబోయే పిల్లలకు విమానం ఎక్కకముందే రెండు దారులూ తెలుస్తాయి. తల్లిదండ్రులు కూడా ఆ రోజు వచ్చి కూర్చోవాలి. కోర్సు, ఫీజు, అద్దె లెక్క వేసుకునే కాగితం మీదే, వీసా రాకపోతే ఏ ఊళ్లో ఏ ఉద్యోగంతో మొదలుపెడతాం, అప్పు ఎన్నేళ్లలో తీరుస్తాం, అప్పటిదాకా ఇల్లు ఎంత సాయం చేస్తుందన్న లెక్కను పిల్లలతో కలిసి రాసుకోవాలి.